అన్నయ్య మానేసిన కేక

మా ఏలియా అన్నయ్యని నిడదవోలులో సమాధి చేసిన రోజున పాస్టరుగారు చాలా మంచి మాటలు చెప్పారు. వేళ తప్పని మనిషన్నారు. ఆఫీసులో పై అధికారికి గానీ బంట్రోతుకి గానీ ఆయన వల్ల ఒక్కనాడూ మనసు నొవ్వలేదన్నారు. "ఏలియాగారు గొంతెత్తి మాట్లాడగా ఈ ఊళ్ళో విన్నవాళ్ళు లేరండి" అని కూడా అన్నారు. వచ్చినవాళ్ళందరూ తలలూపారు. వదిన పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ కుర్ర పాస్టరుకేసి గుర్రుగా చూశాను. పాపం, ఆయన తప్పేముంది, ఆ ఊరికి మొన్నమొన్న వచ్చినాయన. కానీ నేను విన్నాను. మా అన్నయ్య గొంతెత్తితే గోదారి మధ్య లంకలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చిలకలు లేచిపోయేవి. అలాంటివాణ్ణి పట్టుకుని, నోరు మెదపని మనిషని మెచ్చుకుంటుంటే నాకు వాడు రెండోసారి పోయినట్టనిపించింది. నాకూ ఇక ఎన్నాళ్ళో లేవు. నేను కూడా పోతే ఆ కేక సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ మిగలరు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మేం రాజమండ్రిలో మిషను కాంపౌండులో ఉండేవాళ్ళం. మా నాన్నగారు అబ్రహాం మేష్టారు, మిషను బళ్ళో రెండో పంతులు. ఆయన పంతులు కాకముందు మేం ఆయన్ని 'అయ్యా' అని పిలిచేవాళ్ళం. ఉద్యోగం వచ్చాక 'నాన్నగారండీ' అనమన్నారు. మా వాళ్ళు తరతరాలుగా రైతుల చేలల్లో కూలికి పోయినవాళ్ళు. ఆ వంశంలో గంజి పెట్టిన చొక్కా తొడుక్కున్న మొదటి మనిషి మా నాన్నగారు. ఆ చొక్కా నలగకుండా ఉండడం కోసం ఆయన కుర్చీలో కూడా నిటారుగా కూర్చునేవారు. తెల్లారకుండానే లేచి పేడకళ్ళాపి వాసన మధ్య కూర్చుని మా ఇద్దరిచేతా కీర్తనలు అప్పజెప్పించుకునేవారు. నడిమధ్యలో ఒక్క మాట తప్పినా సరే, మళ్ళీ మొదటి వచనం నుంచి. కొట్టేవారు కాదు, తిట్టేవారూ కాదు. కళ్ళు మూసుకుని "మొదట్నించీ" అనేవారు. ఆ ఒక్క మాటకి నాకు చలిజ్వరం వచ్చినట్టుండేది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి వింటూ, నేను తడబడిన చోట గరిటె గిన్నెకి తాటించి చప్పుడు చేసేది, ఆయనకి నా తప్పు వినబడకుండా.

ఇంట్లో ఆయనకి లొంగని మనిషి మామ్మ ఒక్కతే. నాన్నగారి తల్లి. బాప్తిస్మం తీసుకున్నాక కూడా కొడుకుని అబ్రహాం అని పిలవలేదు. "అంత పేరు నా నోట తిరగదురా ఎంకన్నా" అనేది. తిరక్కేం, సంతలో బేరమాడితే ఎంత పొడుగు మాటైనా తిరిగేది. ఆవిడ వంటినిండా పొగచుట్ట వాసన, ఎండుచేప వాసన. కొడుకు పంతులైనా ఆవిడ మాత్రం జొన్న కంకి పాలు పోసుకునే రోజులు వచ్చేసరికి మంచె కాపలాకి లంకకి వెళ్ళిపోయేది. "మేష్టారి తల్లి మంచెక్కితే నలుగురూ ఏమంటారమ్మా" అని నాన్నగారు బతిమాలేవారు. "పిట్టలేమీ అనవురా" అని పడవెక్కేసేది. శనివారాలు బడి ఉండదు కాబట్టి మేమిద్దరం కూడా ఆవిడ వెంట పడేవాళ్ళం. గోదారిలో అప్పుడింకా రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. పడవవాడు వాటిని తప్పించుకుంటూ, కట్టేవాళ్ళని తిట్టుకుంటూ మమ్మల్ని లంకలో దింపేవాడు.

ఆ మంచె మీదే అన్నయ్య కేక నేర్చుకున్నాడు. దాన్ని అక్షరాల్లో రాయడం నాకు చేతకాదు. 'ఓ' అని కడుపులోంచి మొదలై, పైకి పైకి పాకి, 'హోయ్' అని ఒక్కసారిగా తెగిపోతుంది. కేక మొదలవగానే చెయ్యి వెనక్కి లేస్తుంది. అది తెగినచోట రాయి చేతిలోంచి వెళ్ళిపోతుంది. రెండూ ఒకటే పని. కేక వేరు, విసురు వేరు అని ఆ మంచెక్కినవాళ్ళెవరికీ తెలీదు. మామ్మ పెట్టిన షరతల్లా పిట్టకి రాయి తగలకూడదని. "దాని ముక్కు ముందు పడాల్రా. సచ్చిన పిట్టకేం తెలుత్తాది? బతికింది పోయి మిగతావాటికి చెబుతాది" అనేది. అందుకని అన్నయ్య ఏ కంకి మీద ఏ చిలక వాలినా దాని ముక్కుకి జానెడు దూరంలో రాయి పడేలా విసిరేవాడు. విసిరి పకపకా నవ్వేవాడు. చిలక కూడా తిట్టుకుంటున్నట్టు అరుచుకుంటూ పోయేది. నేను కింద కూర్చుని ఒళ్ళో గులకరాళ్ళు ఏరి పెట్టుకుని అందించేదాన్ని. పచ్చి జొన్నకంకులు కాల్చి, వేడి వేడిగా అరచేతుల్లో నలుపుకుని తినేవాళ్ళం. వాటి కమ్మదనం నాకింకే తిండిలోనూ దొరకలేదు.

ఆ రోజుల్లోనే మా బడికి అమెరికా నుంచి ఒక కొత్త దొర వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. పిల్లలందరూ పొడుగుదొర అనేవారు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు కాబట్టి గ్రాంథికం మాట్లాడేవాడు. పెట్టెలో ఒక తోలు బంతీ, ఒక దుడ్డుకర్రా తెచ్చుకుని, బడి వెనక మైదానంలో నాలుగు ఇసక బస్తాలు వేయించి, పిల్లలకి బేస్‌బాల్ నేర్పాడు. ఒకడు బంతి విసరాలి. ఒకడు దాన్ని కర్రతో కొట్టాలి. కొట్టినవాడు బస్తాల చుట్టూ పరిగెత్తి మొదటి చోటికి రావాలి. విసిరేవాడు కొట్టేవాడి మోకాలికీ ఛాతీకీ మధ్య నుంచి, వాడికి అందకుండా పంపాలి. అంతే ఆట. పరిగెత్తేటప్పుడు పంచెలు ఊడిపోయేవి. దొర కూడా పిల్లలతో పడి దొర్లేవాడు. తను కొట్టబోయి బంతి తప్పితే అందరికన్నా ముందు తనే నవ్వేవాడు.

మొదటిసారి అన్నయ్య చేతికి బంతి ఇచ్చిన రోజు నేను కంచె పక్కన ఉన్నాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గులకరాయికన్నా ఎంత బాగుందో అన్నట్టు మొహం పెట్టి, అలవాటు చొప్పున కేకేసి విసిరాడు. ఎదురుగా కర్ర పట్టుకున్నది దొరే. కర్ర ఊపకముందే బంతి ఆయన బొడ్డు ముందు నుంచి వెళ్ళిపోయింది. దొర కర్ర పారేసి వచ్చి అన్నయ్యని భుజాల మీదికెత్తుకుని, "ఆ కేక మరల వేయుము! మరల వేయుము!" అని మైదానమంతా తిరిగాడు. ఆ నెలల్లో అన్నయ్య నిద్రలో కూడా నవ్వేవాడని అమ్మ చెప్పేది. సాయంత్రమైతే కాంపౌండంతా ఆ కేక వినబడేది. వంట చేసుకునే ఆడవాళ్ళు ఆ కేక విని "అదిగో, ఏలియా మొదలెట్టాడు" అనుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి దొరసానికి జబ్బు చేసి, దొర ఆవిణ్ణి తీసుకుని కొండల మీదికి వెళ్ళాల్సొచ్చింది. వెళ్తూ నాన్నగారిని పిలిచి, తిరిగొచ్చేటప్పుడు తనతో సంఘం పెద్దదొరలు కూడా వస్తారనీ, వాళ్ళకి ఈ ఆట చూపిద్దామనీ, వాళ్ళ కళ్ళలో పడితే ఏలియాకి మద్రాసు చదువు గురించి అడుగుతాననీ చెప్పాడు. అందాకా పిల్లల ఆట మీరు చూసుకోండి అన్నాడు. ఆ మాట చెప్పడానికి నాన్నగారు ఇంటికి వచ్చినప్పుడు, జీవితంలో మొదటిసారి, చొక్కా విప్పకుండానే వంటింట్లో అమ్మ పక్కన కింద కూర్చున్నారు. "మద్రాసు" అన్నారు. మళ్ళీ "మద్రాసు" అన్నారు.

నాన్నగారు ఏనాడూ బంతి పట్టుకుని ఎరగరు. ఆయనకి తెలిసిన చదువు ఒక్కటే, వల్లెవేయించడం. దాన్నే మైదానంలోకి తీసుకెళ్ళారు. అన్నయ్య విసరడాన్ని గొడుగేసుకుని నిలబడి ఒక రోజంతా చూసి, దాన్ని పదాలు విరిచినట్టు ముక్కలు చేశారు. కుడికాలు, మోచెయ్యి, భుజం, వదులు. ఒక్కో మాటా ఆయన అంటారు, వాడు పైకి అని, అలా చెయ్యాలి. మోచెయ్యి కొంచెం వంగితే "మొదట్నించీ". బంతి పక్కకి పోతే "మొదట్నించీ". మిగతా పిల్లలు ఎండలో నిలబడి నిలబడి, ఒక్కొక్కళ్ళే కడుపునొప్పి వంక పెట్టి జారుకునేవాళ్ళు. అన్నయ్య ఎక్కడికి జారుకుంటాడు? ఆయన ఇంటికే కదా వాడూ వచ్చేది.

కేక సంగతి అన్నం దగ్గర వచ్చింది. నాకు బాగా గుర్తు, ఆ రోజు గోంగూర పులుసు. నాన్నగారు ముద్ద కలుపుతూ కలుపుతూ, "ఆ అరుపు మానెయ్యాలి ఏలియా" అన్నారు.

అన్నయ్యకి అర్థం కాలేదు. "ఏ అరుపండీ?"

"అదే, మంచె మీది అరుపు. పెద్దదొరలు కుర్చీలేసుకుని కూర్చుంటారు. వాళ్ళ ముందు చేలో కూలోడిలా కేకలేంటి?"

"అది వెయ్యకపోతే ఎప్పుడు వదలాలో నాకు తెలీదు నాన్నగారండీ."

"నేను చెబుతాను. వదులు అన్నప్పుడు వదులు."

మామ్మ కంచం పక్కకి నెట్టింది. "ఆ కేకలేసే నిన్ను సాకేన్రా ఎంకన్నా. అదేం బూతా?"

నాన్నగారు తల్లి మీద ఎప్పుడూ గొంతెత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు. "అందుకేనమ్మా. నువ్వు ఎండలో నిలబడి అరిచి అరిచి నెత్తురు కక్కుకోవడం చూశాను. వీణ్ణి చూసినవాళ్ళకి అది గుర్తు రాకూడదు" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామ్మ నెట్టేసిన కంచం మళ్ళీ ముందుకి లాక్కుంది. ఇన్నేళ్ళయినా నాకు నాన్నగారి మీద పూర్తిగా కోపం రాకపోవడానికి ఆ మాటే కారణం. కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను.

అన్నయ్య కేక మానేశాడు. మాట వినే పిల్లాడు, ఏం చేస్తాడు? మొదట్లో నోరు తెరుచుకునేది, వెంటనే గుర్తొచ్చి మూసుకునేవాడు. ఆ మూసుకునే క్షణంలో బంతి ఎటో పోయేది. తర్వాత పెదాలు బిగబట్టి విసరడం అలవాటు చేసుకున్నాడు. 'వదులు' అన్న మాట వినబడిందాకా చెయ్యి గాల్లో ఆగి ఉండేది. అంతకుముందు రోజంతా విసిరినా అలిసిపోని చెయ్యి ఇప్పుడు కాసేపటికే లాగేసేది. అమ్మ ఆముదం వెచ్చచేసి భుజానికి రాసేది. "వాడు అన్నం సరిగ్గా తినట్లేదండి. ఆటే కదా, ఆడుకోనివ్వండి" అని అమ్మ అంటే, "ఆటేంటి, వాడి బతుకు" అన్నారు నాన్నగారు. నిద్రలో నవ్వడం పోయింది. "కుడికాలు, మోచెయ్యి" అని పలవరించడం మొదలైంది. శనివారం లంకకి రమ్మని మామ్మ పిలిస్తే నాన్నగారు వద్దనకముందే వాడే వద్దన్నాడు.

పెద్దదొరలు వచ్చిన రోజున మైదానంలో తాటాకు పందిరి వేశారు. బళ్ళో పిల్లల్నే రెండు జట్లు చేశారు. ఆడవాళ్ళం కంచె ఇవతల నిలబడ్డాం. అన్నయ్య గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని బంతి పుచ్చుకుని నిలబడ్డాడు. పొడుగుదొర పెద్దదొరల చెవిలో ఏదో చెప్పి అన్నయ్యని చూపించాడు. వాళ్ళు ముందుకి వంగి కూర్చున్నారు. నాన్నగారు మైదానం గీత పక్కన నిలబడి, పందిట్లోకి వినబడకుండా పెదాలతోనే చెబుతున్నారు. కుడికాలు. మోచెయ్యి. మొదటి బంతి కొట్టేవాడి తల మీదుగా పోయింది. రెండోది నేలకి కొట్టుకుని పక్కకి దొర్లింది. తర్వాతది ఎంతసేపటికీ చేతిలోంచి రాలేదు. చెయ్యి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. నాన్నగారు 'వదులు' అన్నారు. మళ్ళీ అన్నారు. ఈసారి పైకే అన్నారు. బంతి వాడి కాళ్ళ దగ్గరే పడింది. పిల్లలెవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు మా పక్క నుంచి మామ్మ కేకేసింది. ముసలిదైపోయినా ఆవిడ గొంతు కంచె దాటి, పందిరి దాటి గోదారి గట్టుదాకా పోయింది. మనవడికి దారి చూపిద్దామనుకుంది పాపం. దాని వెంట వాడి చెయ్యి లేస్తుందనుకుంది. మైదానమంతా గొల్లున నవ్వింది. నాన్నగారి మొహం నేను చూడలేకపోయాను. అన్నయ్య మామ్మకేసి చూశాడు, నాన్నగారికేసి చూశాడు. వంగి, బంతి తీసి, అది పగిలిపోయే వస్తువైనట్టు ఇసక బస్తా మీద జాగ్రత్తగా పెట్టాడు. పెట్టి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పొడుగుదొర మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, నొచ్చుకున్నట్టు, "మేష్టారూ, ఏలియా కేక వేయలేదేమి? పెద్దదొరలకు దాని గూర్చి ఎంతయో చెప్పితిని. వారు దాని కొరకే ఎదురుచూచుచుండిరి" అన్నాడు. నాన్నగారు నిలబడే ఉన్నారు. దొర వెళ్ళాక కూడా ఆ గుమ్మంలో చాలాసేపు అలాగే నిలబడ్డారు. దొరలకి ఏది సిగ్గుచేటో ఆయనే ఊహించుకున్నారు. వాళ్ళకి మా మంచె సంగతీ తెలీదు, కూలి సంగతీ తెలీదు. పొడుగుదొరకి అదొక ఆనందంగా వినబడింది, అంతే. ఆ మర్నాటి నుంచి పొద్దున్న కీర్తనల్లో నేను ఎక్కడ తప్పినా ఆయన 'మొదట్నించీ' అనలేదు.

ఆ వచ్చే శనివారం నాన్నగారే అన్నయ్యని లంకకి వెళ్ళమన్నారు. మేం వెళ్ళాం. చేను పచ్చగా, నిండుగా ఉంది. మామ్మ వాడికి రాయి ఇచ్చింది. వాడు మంచె మీద నిలబడి నోరు తెరిచాడు. చాలాసేపు తెరిచి ఉంచాడు. తర్వాత నెమ్మదిగా, "మామ్మా, లోపల నాన్నగారి మాటలే వినబడుతున్నాయే" అన్నాడు. రాయి మంచె పక్కనే పడింది. చిలకలు అటు చూడను కూడా లేదు. మామ్మ వాణ్ణి కిందకి దింపి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పూట కంకులు కాల్చింది గానీ ఎవరికీ సయించలేదు.

మద్రాసు చదువు మరో పిల్లాడికి దక్కింది. నేను ఏడ్చేది దాని గురించి కాదు. అన్నయ్య మెట్రిక్యులేషన్ చదివి, కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేరి, గౌరవంగా బతికాడు, పిల్లల్ని చదివించాడు. కానీ పిల్లలు బంతాడుకునే వీధి వస్తే పక్క సందులోకి తిరిగేవాడు. సొంత పిల్లలు బంతి కొనమంటే డబ్బులిచ్చి వాళ్ళమ్మని కొనమనేవాడు. నేను పంతులమ్మనై ఆడపిల్లల బళ్ళో ముసలిదాన్నయ్యాను. నా క్లాసులో గోల ఎక్కువని ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడూ రాసేవారు. రాసుకోనిచ్చాను. ఇప్పుడు ప్రతి బళ్ళోనూ డ్రిల్లు మేష్టారున్నాడు, మెడలో ఈల ఉంది, గెలిచినవాళ్ళకి కప్పులున్నాయి. మా అప్పుడు ఒక్క ఇంట్లో జరిగింది ఇప్పుడు ఊరంతటికీ పద్ధతిగా జరుగుతోంది. అన్నయ్య మనవడు కూడా క్రికెట్టు నుంచి వచ్చి మొహం ముడుచుకుని కూర్చుంటాడు. ఏరా, ఆట ఎలా ఉంది అంటే, "సార్ తిట్టలేదు మామ్మా" అంటాడు. ఆట బాగుందంటే వాడికి తెలిసిన అర్థం అది.

నాన్నగారు చివరి రోజుల్లో నిడదవోలులో అన్నయ్య దగ్గరే ఉన్నారు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. నేను చూడ్డానికి వెళ్ళిన పూట ఆయన్ని అరుగు మీద మంచంలో పడుకోబెట్టి అన్నయ్య పక్కన కూర్చుని విసురుతున్నాడు. ముంగిట్లో వదిన చాప మీద నూకలు ఎండబోసింది. పిచ్చుకల గుంపు వచ్చి వాలింది. నాన్నగారు వాటినే చూస్తున్నారు. కాసేపటికి, "కేకెయ్యరా ఏలియా" అన్నారు. అన్నయ్య చేతిలో విసనకర్ర ఆగింది. వాడి మొహంలో కోపమేమీ లేదు. "నాకు రాదండీ నాన్నగారండీ" అన్నాడు.

నాన్నగారు పనిచేసే చేత్తో మంచంపట్టె పట్టుకుని తల లేపారు. వంకరపోయిన నోరు తెరిచి, కడుపులోంచి 'ఓ' అని మొదలెట్టారు. ఆయనకీ ఆ కేక వచ్చని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. మామ్మ కొడుకే కదా, చిన్నప్పుడు ఆ మంచె మీదే పెరిగుంటారు. అది పైకి పాకలేదు, తెగనూ లేదు. ఊపిరీ చొంగా కలిసి గొంతులో ఆడింది, అంతే. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. పిచ్చుకలు తల కూడా ఎత్తలేదు. అన్నయ్య కండువాతో ఆయన మూతి తుడిచి, తల నెమ్మదిగా దిండు మీదికి చేర్చాడు.

"ఊరుకోండి నాన్నగారండీ" అన్నాడు. "తిననివ్వండి."